శ్రద్ధ: ఒక పాత వాహనం, ఒక కాశీయాత్ర

'శ్రద్ధ' అను శబ్దం తెలుగువారి నోట రెండు అర్థాలలో నిలిచి ఉన్నది. చేయు పనియందు మనస్సును నిలుపుట ఒకటి. గురువాక్యమందు, శాస్త్రమందు విశ్వాసం కలిగి ఉండుట రెండవది. గతించినవారిని ఉద్దేశించి చేయు కర్మకు శ్రాద్ధమని పేరు వచ్చినది కూడా ఈ శబ్దం నుండియే. శ్రద్ధతో చేయబడునది శ్రాద్ధం. ఈ మాటను పెద్దలు చెప్పగా వినడం వేరు, జీవితంలో తారసపడగా గుర్తించడం వేరు. హైదరాబాదు నగరవాసియైన ఒక గృహస్థునికి ఇది పద్దెనిమిదేళ్ళ నాటి ఒక మోటారు సైకిలు మూలంగా అనుభవానికి వచ్చినది.

ఆ గృహస్థుడు ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి విరమించినవాడు. జాగరూకత అతని స్వభావం. యౌవనంలో గేర్ల స్కూటరు నడిపినప్పుడు కూడా గంటకు నలభై కిలోమీటర్లు దాటి ఎరుగడు. అతనికి ఎనిమిదేళ్ళు చిన్నవాడైన తమ్ముడొకడు ఉండేవాడు. ఇతనిది పూర్తిగా భిన్నప్రకృతి. 2005లో, ముప్ఫై ఏళ్ళ వయస్సులో, ఆ తమ్ముడు హీరో హోండా కరిజ్మా కొన్నాడు. 2003లో విపణికి వచ్చిన ఆ బండి ఆనాటి యువకులకు కలలపంట. 223 సీసీల ఏక సిలిండర్ ఇంజన్, ముందుభాగాన గాలిని చీల్చు తొడుగు, కిందికి వంగిన హ్యాండిల్, రమారమి పదిహేను లీటర్లు పట్టు ట్యాంకు. నూరు సీసీల బండ్లే వీధులనిండా తిరిగిన ఆ కాలంలో దానిని నిలిపితే చుట్టూ నలుగురు చేరేవారు.

అన్నకు మాత్రం ఆ బండి కంటగింపు. పండుగకు కలిసిన ప్రతిసారీ అదే ప్రస్తావన, అదే మందలింపు. తమ్ముడు కోపగించుకొనేవాడు కాదు. "అన్నా, ఒక్కసారి వెనుక కూర్చో. ఇద్దరం కాశీకి పోయివద్దాం" అనేవాడు. 2021 ఉగాదినాడు కూడా ఆ మాటే అన్నాడు. "కాశీకి రైళ్ళున్నాయి. ముందు ఆ బండి అమ్మివేయి" అని అన్న బదులు చెప్పాడు. ఎదురెదురుగా కూర్చుని వారిద్దరూ మాట్లాడుకున్న చివరి మాటలు అవి. మరుసటి నెలలో మహమ్మారి రెండవ విజృంభణలో తమ్ముడు జ్వరపడి, తొమ్మిది రోజులలో కన్నుమూశాడు. ఆసుపత్రిలోనికి ఎవరినీ పోనివ్వలేదు. పదిమంది కూడి చేయవలసిన కర్మ నలుగురితో ముగిసింది. అస్థికలను కాశికి చేర్చు వీలులేక గోదావరిలో కలిపారు.

రెండేళ్ళు గడిచాయి. బండి ఆ ఇంటి వసారాలో గుడ్డ కప్పుకొని ఉండిపోయింది. ఒకనాడు మరదలు, "బావగారూ, దానిని చూసినప్పుడల్లా మనసు పాడవుతున్నది. మీరే ఎవరికైనా అమ్మిపెట్టండి" అని తాళంచెవి చేతికిచ్చింది. తాను పదహారేళ్ళు కోరిన కోరిక ఆ విధంగా తీరబోతున్నది. ఆ తాళంచెవి తీసుకున్నప్పుడు అతనికి కలిగినది సంతోషం కాదు.

కాగితాల కోసం సీటు తీసినప్పుడు పనిముట్ల సంచి కింద ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక చిన్న పుస్తకం కనబడినది. తమ్ముని చేతివ్రాత. మొదటి పుటలలో వేగపు లెక్కలు ఉన్నాయి: ఫలానా దినం, ఫలానా దారి, 114, మరొక దినం, 118. అన్న ఊహించిన తమ్ముడే ఆ పుటలలో కనబడ్డాడు. అయితే 2009 తరువాత, అనగా కుమారుడు వెనుక కూర్చుని బడికి పోవు వయస్సుకు వచ్చిన నాటి నుండి, ఆ అంకెలు ఆగిపోయాయి. వాటి స్థానంలో ఇంజన్ ఆయిల్ మార్చిన తేదీలు, చైన్ బిగువు, బ్రేక్ ప్యాడ్ల మందం, టైర్లలో గాలి, ప్రయాణించిన కిలోమీటర్లు మాత్రమే ఉన్నాయి. పన్నెండేళ్ళపాటు ఒక్క నెల తప్పలేదు. మనిషి ఎప్పుడో మారిపోయాడు. ఆ మార్పు అన్న దృష్టికి రాలేదు, అంతే.

చివరి పుటలో ఒక పట్టిక ఉన్నది. "కాశీ. 4 రోజులు. రోజుకు 300. వేగం 80 మించరాదు. క్లచ్ వైరు 1, యాక్సిలరేటర్ వైరు 1, ప్లగ్ 1, బల్బు 1, ఫ్యూజులు, అర లీటరు ఆయిల్. హెల్మెట్లు 2."

ఒంటరిగా దినానికి ఆరువందల కిలోమీటర్లు పోగలవాడు మూడువందలే వ్రాసుకున్నాడు. ఎనభై మించరాదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. ఆ మూడువందలు ఎవరి నడుముకోసం, ఆ రెండవ హెల్మెట్ ఎవరి తలకోసం అన్నది అతనికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. బండి అమ్మకం మాట అప్పటికి ఆగిపోయింది.

అతడు బండిని తమ్ముడు ఎప్పుడూ తీసుకుపోవు మెకానిక్ వద్దకే ట్రాలీలో చేర్చాడు. వాడకం లేక నిలిచిన వాహనం వాడిన వాహనం కంటె ఎక్కువ శిథిలమవుతుందని అక్కడ తెలిసింది. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరై, సన్నని రంధ్రాలలో జిగురుగా గట్టిపడింది. ట్యాంకు లోపల తుప్పు పట్టింది. బ్యాటరీ చచ్చిపోయింది. టైర్ల అరుగుదల స్వల్పమే కాని పక్కగోడలలో పగుళ్ళు వచ్చాయి. పెట్రోలు పోవు రబ్బరు గొట్టం గట్టిపడి చిట్లింది. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలును ఆ కాలపు రబ్బరు భాగాలు తట్టుకోలేవని మెకానిక్ దానిని మార్చివేశాడు. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాడు. ఒకటి మార్చి ఒకటి ఉంచితే పాతది కొత్తదానిని తినివేస్తుంది. ట్యాపెట్లు సరిచేశాడు. పదిహేనేళ్ళు నిండిన బండి కనుక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, తనిఖీ, హరితపన్ను, మరదలి పేరిట యాజమాన్యం మార్పు అన్నీ పూర్తి చేయుటకు మరికొన్ని వారాలు పట్టింది.

కాశీ అనగానే ఆ వృద్ధ మెకానిక్ నవ్వలేదు. "సార్, ఇది ఒకప్పుడు ఉరికే బండి. ఇప్పుడు నడిచే బండి. నడిపిస్తే కాశీ ఏంది, ఏడికైనా పోతది. ఉరికిస్తే ఆదిలాబాద్ దాటది" అన్నాడు. తరువాత హ్యాండిల్ వద్ద ఒక పని చూపించాడు. క్లచ్‌కు కొత్త వైరు వేసి, దానిని ఆనుకొని మరొక వైరును అదే మార్గంలో నడిపి కట్టాడు. "దారిల తెగితే పై కొస, కింది కొస మార్చుకుంటె చాలు. మీ తమ్ముడు చెప్పిన పద్ధతే సార్ ఇది."

వేగం కోసం పుట్టిన వాహనాన్ని దూరప్రయాణానికి మలచుకొనుటలో ఇబ్బంది యంత్రానిది కొంత, మనిషిది కొంత. హ్యాండిల్ కిందికి ఉండుటవలన శరీరం ముందుకు వంగుతుంది. భారమంతా మణికట్టుల మీద పడుతుంది. యాభై ఆరేళ్ళ దేహానికి అరగంటలో అరచేతులు తిమ్మిరెక్కాయి. అతడు రెండు నెలలు ప్రతి తెల్లవారుజామున చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల కింద అభ్యాసం చేశాడు. మోకాళ్ళతో ట్యాంకును ఒడిసిపట్టి, నడుముతో శరీరాన్ని నిలిపి, చేతులను వదులుగా ఉంచవలెనని క్రమంగా గ్రహించాడు. హ్యాండిల్‌ను ఎంత గట్టిగా పట్టితే బండి అంత బెదురుతుంది. సామాను వెనుక ఎత్తుగా కడితే ముందుచక్రం తేలికై మలుపులో తేలిపోతుంది. అందుచేత బరువైనవి కిందుగా, ఇరుపక్కల సంచులలో, సైలెన్సర్ వేడి తగలకుండ సర్దాలి. బరువు పెరిగినప్పుడు వెనుక టైరులో గాలి పెంచాలి, చైన్ బిగువు మరల చూడాలి. పూర్తి సామానుతో ఒకసారి శ్రీశైలం పోయివచ్చి, ఘాట్ మలుపులలో బ్రేకుల గుణం తెలుసుకున్నాడు.

కార్తీకమాసంలో ఒక వేకువన బయలుదేరాడు. "కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే" అను సామెతను ఇంటివారు ఎవరూ పైకి అనలేదు. భార్య మాత్రం రెండుసార్లు ఎదురువచ్చి నిలబడింది. పాత లెక్కలో ఏడవ సంఖ్య జాతీయ రహదారి వారణాసి నుండి కన్యాకుమారి వరకు పోయేది. హైదరాబాదు నుండి నాగపూరు, జబల్పూరు, రీవా మీదుగా కాశికి ఆ దారిలో సుమారు 1,200 కిలోమీటర్లు. 1830లో చెన్నపట్టణం నుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగానే కాశి చేరాడు. ఆయన తిరిగి ఇల్లు చేరుటకు పదిహేను నెలలు పట్టింది. పల్లకీల కాలంతో పోల్చినప్పుడు గంటకు ఎనభై కిలోమీటర్లు తక్కువ వేగమని ఎవరనగలరు?

మొదటి దినం నిర్మల్ దాటి కనుమలు ఎక్కి ఆదిలాబాదులో బస. రెండవ దినం పెన్‌గంగ దాటి, నాగపూరు విడిచి, పెంచ్ అరణ్యం మీదుగా సివనీ. అక్కడ రహదారిని కొంతదూరం స్తంభాలపై ఎత్తి నిర్మించారు. వాహనాల వెలుగు, ధ్వని అడవిలోనికి పోకుండ ఇరువైపుల అడ్డుగోడలు పెట్టారు. మృగాలు కింద తమ దారిన తాము పోతాయి. నియమం కలిగిన వేగానికి అది చక్కని దృష్టాంతంగా అతనికి తోచింది.

ప్రతి ఎనభై కిలోమీటర్లకు ఆగడం అతని నియమం. ఆగిన ప్రతిసారీ చేయి ఆనించి చక్రాల నడిబొడ్డు వేడి చూడడం, చైన్ చూడడం, ఇంజన్ కింద నూనె చుక్కలున్నవేమో వంగి చూడడం. ప్రతి ఉదయం బండిని నిటారుగా నిలిపి ఆయిల్ మట్టం కొలిచేవాడు. పాత ఇంజన్ కొంత ఆయిల్‌ను తాగుతుంది కనుక తగ్గినంత పోసేవాడు. రాత్రి బసలో, ఇంజన్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే, చైన్ తుడిచి నూనె వేసేవాడు. రెండవనాటికి అతని చెవి మారిపోయింది. ట్యాపెట్ల టకటక ఎంతవరకు సహజం, చదునైన దారిలో మోత ఎట్లుండును, ఎత్తు ఎక్కునప్పుడు ఎట్లు మారును అన్నది తెలియసాగింది. ఇతర చింతలు దూరని ఒక మౌనం లోపల ఏర్పడింది. జపంలో కూర్చుని ఏళ్ళతరబడి అతడు వెదకిన ఏకాగ్రత నూనె మరకల చేతులతో, రోడ్డుపక్కన, కోరకుండ లభించింది.

కఠోపనిషత్తులో రథకల్పన అందరూ ఎరిగినదే: శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు కళ్ళెం, ఇంద్రియాలు గుర్రాలు. ప్రవచనాలలో గుర్రాలను అదుపు చేయుటను గూర్చి అతడు పలుమారులు విన్నాడు. రథాన్ని గూర్చి ఆలోచించినది ఈ దారిలోనే. రథానికి వయస్సు ఉంటుంది. ఇరువది ఏళ్ళనాడు మోసినది నేడు మోయదు. అంతమాత్రాన పారవేయదగినదీ కాదు. దాని బలమెంతో ఎరిగి, అంతలోనే గమ్యం చేర్చగల సారథికి వృద్ధరథం కూడా చాలును. ఈ మాట తన మోకాళ్ళకు కూడా వర్తిస్తుందని సివనీ సత్రంలో మెట్లెక్కునప్పుడు అతనికి స్ఫురించి నవ్వు వచ్చింది.

మూడవ దినం ఉదయం లఖనాదౌన్ సమీపాన గేరు మార్చబోగా క్లచ్ పిడి ఒక్కసారిగా ఖాళీగా చేతిలోనికి వచ్చేసింది. వేసి మూడు నెలలైనా కాని కొత్త వైరు పై కొసవద్ద తెగినది. పాత వస్తువే మోసం చేయునని, కొత్తది కాపాడునని అతడు అంతవరకు నమ్మినవాడు. బండి రెండు కుదుపులు కుదిపి రోడ్డు అంచున ఆగిపోయింది. వెనుక నుండి లారీలు పోతున్నాయి. తన బ్యాంకు జీవితంలో ఏనాడూ ఎరుగని నిస్సహాయత ఒక్క నిమిషం కలిగింది. తరువాత మెకానిక్ చూపినది జ్ఞాపకం వచ్చింది. పక్కనే కట్టి ఉన్న రెండవ వైరు కొస విప్పి, పిడిలో అమర్చి, ఇంజన్ వద్ద కింది కొస తగిలించి, బిగువు సరిచేశాడు. అనుభవజ్ఞునికి పది నిమిషాల పని అతనికి నలభై నిమిషాలు పట్టింది. పని పూర్తియై క్లచ్ పిడి చేతికి ఎదురు నిలిచినప్పుడు అతడు రోడ్డుపక్కన రాతిమీద కూర్చుని, ఉగాదినాటి నుండి రాని కన్నీరు కార్చాడు. తమ్ముడు తన కోసం ఆలోచించిపెట్టిన పద్ధతి, తమ్ముడు లేని చోట, తన చేతులలో నెరవేరింది. టీ దుకాణం వాడు నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అడగకుండ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి జబల్పూరు చేరకముందే తిల్వారా వద్ద నర్మద కనబడింది. ఆ రాత్రి మైహర్‌లో బస. శారదాదేవి కొండను కిందినుండియే చూసి నమస్కరించాడు, వేయికి పైగా ఉన్న మెట్లు ఎక్కు శక్తి ఆనాడు మిగలలేదు. నాలుగవ దినం రీవా, మీర్జాపూరు దాటి, సాయంసంధ్యవేళ కాశి చేరాడు. నాలుగు రోజులు, రోజుకు రమారమి 300. పట్టిక తప్పలేదు.

కేదారఘాట్ వద్ద తెలుగు పురోహితుడు తర్పణం చేయించాడు. కర్మాధికారం కుమారునిది, ఏటేటా ఆ పిల్లవాడు ఇంటివద్ద చేస్తూనే ఉన్నాడు. అయినను తీర్థంలో బంధువుల వరుసలో సోదరుని గోత్రనామాలు చెప్పి నువ్వులనీరు విడుచుట ఉన్నది. గొంతు వణకినా పేరు స్పష్టంగానే వచ్చింది. సంకల్పంలో శ్రద్ధ అను మాట వినబడినప్పుడు అతనికి చైన్‌కు నూనె వేసిన మూడు రాత్రులు జ్ఞాపకం వచ్చాయి. తాను చేయుచున్న శ్రాద్ధం ఈనాడు మొదలైనది కాదని, రబ్బరు గొట్టం మార్చిన నాడే మొదలైనదని అనిపించింది.

"కాశిలో ఇష్టమైనది ఒకటి విడువాలి కదా, ఏమి విడుస్తారు?" అని పురోహితుడు అడిగాడు. వంకాయ అని చెప్పాడు. ఆ కూర అతనికి నిజంగానే ప్రాణం. ఇంటివద్ద భార్య ఈ వార్తకు విసుగుకొంటుందని తెలుసు. విడువదలచినది వేరొకటి ఉన్నది. 'నా మాటే ఒప్పు' అను అభిమానం. ఎనభై దాటవద్దని తమ్మునికి చెప్పవలసిన అవసరం పన్నెండేళ్ళ కిందటే తీరిపోయినా, చెప్పుట మాత్రం ఆపనీయనిది అది. అయితే పేరు చెప్పి నీటిలో వదిలినంతమాత్రాన పోవునది కాదు. వంకాయ విడుచుట ఒక్క క్షణం. ఇది ఎదుటివారిని చూసిన ప్రతిసారీ మరల మరల విడువవలసినది. ఉగాదినాటి మాట కూడా గంగలో కలిసిపోలేదు. అది అతనితోనే తిరిగివచ్చింది. కాని దాని పక్కన ఇప్పుడు మరొక సంగతి కూడా ఉన్నది: పిలిచినవాడు వెళ్ళిపోయినా, ఆ పిలుపుకు వెళ్ళడం జరిగింది.

తిరుగు ప్రయాణం మరో నాలుగు రోజులు. ఇల్లు చేరిన మరునాడు తమ్ముని కుమారుడు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. పందొమ్మిదేళ్ళవాడు. "పెదనాన్నా, ఇక అమ్మేస్తారా?" అని అడిగాడు. పూర్వమైతే ఆ కళ్ళలోని ఆశను చూసి ఉపన్యాసం మొదలయ్యేది. ఉపన్యాసం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అతడు దానిని మింగి, "బండి మీ అమ్మ పేరున ఉన్నది. ఆమె ఒప్పుకొంటే చూద్దాం. ముందు ఆ గుడ్డ, నూనె డబ్బా అందుకో" అన్నాడు.

ఇద్దరూ నేలమీద కూర్చుని చైన్ శుభ్రం చేశారు. వెనుకచక్రాన్ని పిల్లవాడు నెమ్మదిగా తిప్పుచుండగా పెదనాన్న ఒక్కొక్క లింకు చూసుకుంటూ పోయాడు. పని పూర్తియైన తరువాత పుస్తకం తీసి, తమ్ముని చివరి పట్టిక కింద ఖాళీ స్థలంలో తేదీ వేసి వ్రాశాడు: "కాశీ. 2,460 కిలోమీటర్లు. ఆయిల్ మార్చాలి. చైన్ సరిచేయబడినది. క్లచ్ వైరు 1 కొనాలి." పుస్తకాన్ని పిల్లవాని చేతికిచ్చాడు. వాడు మొదటి పుట నుండి చదువుట మొదలుపెట్టాడు. 118 వద్దకు వచ్చినప్పుడు వాని ముఖంలో నవ్వు మెరిసింది. పెదనాన్న ఏమీ అనలేదు, ముందుకు చదవనిచ్చాడు.